మంచుకు ఇచ్చిన బావి

వేప్పనపల్లి,
26-8-1962.

తమ్ముడు కృష్ణప్పకు,

అక్క తిమ్మక్క చెప్తుంటే నీ మేనకోడలు పుట్టమ్మ రాస్తున్న జాబు. ఇక్కడ ఆవు తప్ప అందరం బాగున్నాం. ఆవుకు గాలికుంటు తగిలింది, ఇప్పుడిప్పుడే మేత ముడుతున్నది. మరదలు చిక్కమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

ఒక మంచి మాట చెప్పడానికి ఈ జాబు. మన ఊరికి చేదబావి వస్తున్నది. దిగుడుబావి మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఆ నీళ్ళే ముంచుకుని తాగే ఖర్మ తీరబోతున్నది. నువ్వు ఆ నీళ్ళు తాగి పెరిగినవాడివే. ఎండాకాలం వస్తే ఇంటికొకరు నారికురుపుతో మంచాన పడతారు. మీ బావ బతికి ఉండగా కాలిలోంచి నారిపురుగు తీయించుకుని ఆ ఏడు మడక పట్టి దున్నలేకపోయాడు. మొన్న ఆరోగ్యం ఇన్‌స్పెక్టరు వచ్చి, "కురుపు కాళ్ళతో మీరు బావిలో దిగినంత కాలం ఈ పురుగు పోదమ్మా. ఈ యేడు తాగిన నీళ్ళు, వచ్చే యేడు కాల్లో నుంచి బయటికొస్తాయి" అని చెప్పిపోయాడు.

సగం ఊరు పెట్టుకుంటే సగం సర్కారు ఇస్తుందట. ఊరి మామిడితోపు పాట డబ్బు పంచాయతీలో ఉంది కదా, దాన్ని బావికే అని అట్టిపెట్టాం. ఆడవాళ్ళ తరఫున నన్ను పంచాయతీలో వేసుకున్నప్పటి నుంచి వక్కాకు నమలడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఈ బావి కోసం మాత్రం నోరు తెరిచాను.

సుబ్రమణి పటాలం నుంచి సెలవు మీద ఎప్పుడొస్తాడు? నీ కొడుక్కు నా కూతురని వాళ్ళు తొట్లో ఉన్ననాడే అనుకున్నాం. బావి తవ్వించి పెళ్ళి పెట్టుకుందాం. వచ్చినవాళ్ళకు కనీసం మంచి నీళ్ళు పోయవచ్చు.

ఆశీస్సులతో,
తిమ్మక్క

మామా, పెళ్ళి మాట కూడా అమ్మ నా చేతే రాయిస్తున్నది. సిగ్గుపడాలో రాయాలో తెలియక రెండూ చేస్తున్నాను. — పుట్టమ్మ



కృష్ణగిరి,
10-9-1962.

అక్కకు,

నీ జాబు అందింది. బావి మాట విని చిక్కమ్మ నొప్పి మరిచిపోయి నవ్వింది. ఆమె మన ఊరికి రానని మొండికేసేది ఆ మెట్లకు భయపడే కదా.

నా టైలరు దుకాణం సంగతి నీకు తెలుసు. గుడ్డలు కుట్టించుకునేవాళ్ళ కంటే పేపరు చదివేవాళ్ళు ఎక్కువ. ఈ నెలంతా ఒకటే వాదన. "పటాలానికి పోసే దుడ్డుతో ఊరికొక బావి, ఊరికొక బడి కట్టొచ్చు" అని ఒకడంటాడు. బియ్యం మిల్లు వెంకటప్ప ఒప్పుకోడు. "తలుపు లేని ఇంట్లో బిందె ఎన్నాళ్ళుంటాదప్పా?" అంటాడు. నేను మొన్నటి దాకా బావి పక్షమే.

కాని సుబ్రమణి జాబు రాశాడు. వాడిని ఈశాన్యంలో ఎత్తుకొండల మీదికి పంపారట. ఆ ఎత్తున ఇప్పుడే మంచు పడుతున్నదట. కాళ్ళకు కాన్వాసు బూట్లు, ఒంటికి నూలు బట్ట. అక్కా, నేను టైలర్ని. ఆ నూలు బట్ట నా చేతుల్లో నలిగిందే. మన హోసూరు చలికే అది చాలదు. పటాలానికి ఎక్కువ పోస్తున్నారో తక్కువ పోస్తున్నారో నాకు తెలియదు కాని, పోసింది నా కొడుకు కాళ్ళ దాకా రాలేదు.

పుట్టమ్మకు చెప్పు, సిగ్గుపడుతూ రాసినా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయని.

నీ తమ్ముడు,
కృష్ణప్ప



కృష్ణగిరి,
5-11-1962.

అక్కకు,

చైనాతో యుద్ధం సంగతి మీ దాకా వచ్చే ఉంటుంది. సుబ్రమణి దగ్గర నుంచి జాబు లేదు. పోస్టాఫీసుకు పోయి రోజూ అడుగుతున్నాను. వాళ్ళు నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేస్తున్నారు. చిక్కమ్మ అన్నం ముట్టడం లేదు.

ఇక్కడ ఊరంతా రక్షణ నిధికి ఇస్తున్నది. బస్టాండు దగ్గర పందిరి వేశారు. ఆడవాళ్ళు కమ్మలు తీసి ఇస్తున్నారు. మొన్న "పటాలం ఎందుకు" అని వాదించినవాడే వేలి ఉంగరం ఊడక సబ్బు రాసి లాగి ఇచ్చాడు. నా దుకాణంలో ఇప్పుడు రెండో మాట లేదు.

అక్కా, ఒకటి అడుగుతాను, కాదనకు. మామిడితోపు డబ్బును నిధికి ఇవ్వమని పంచాయతీలో చెప్పు. బావి ఈ యేడు కాకపోతే వచ్చే యేడు. మంచులో ఉన్నవాడికి వచ్చే యేడు ఉందో లేదో. ఆ డబ్బు నేరుగా వాడి బూట్లకు పోతుందని నమ్మేటంత అమాయకుణ్ణి కాను. కాని ఎవరో ఒకరి ఊరి డబ్బుతోనే కదా ఎవరో ఒకరి కొడుక్కు బూట్లు వచ్చేది. నాకు వేరే దారి తోచడం లేదు.

కృష్ణప్ప



వేప్పనపల్లి,
14-11-1962.

తమ్ముడు కృష్ణప్పకు,

ముందు ధైర్యంగా ఉండు. చిక్కమ్మ చేత కొంచెం గంజైనా తాగించు. ముత్యాలమ్మకు కోడిని మొక్కుకున్నాను.

నిన్న పంచాయతీ కూడింది. అధ్యక్షుడు నాగేశప్ప నీలాగే నిధికి ఇద్దామన్నాడు. ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. "చైనావోడు మన ఊరికి ఎప్పుడొస్తాడో తెలీదు, నారి మాత్రం చైత్రానికి వస్తాది" అని గట్టిగానే అన్నారు. చేతులెత్తితే అటు సగం, ఇటు సగం అయ్యాయి. మిగిలింది నేను. అందరూ నా వైపు తిరిగారు. "బావి అడిగింది నువ్వే, అల్లుడు మంచులో ఉండేదీ నీకే. నువ్వే చెప్పు తిమ్మక్కా" అన్నాడు నాగేశప్ప.

నాకు మీ బావ కాలూ కనబడింది, సుబ్రమణి కాలూ కనబడింది. చెయ్యి ఎత్తాను. తోపు డబ్బంతా నిధికి పోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను, నీకెందుకు దాచాలి. వాడు క్షేమమని ఒక్క ముక్క అందగానే నాకు రాయి.

తిమ్మక్క

మామా, ఇది అమ్మ చెప్పలేదు, నేను రాస్తున్నాను. పంచాయతీ గడప దగ్గర నేనూ నిలబడి ఉన్నాను. చెయ్యి ఎత్తే ముందు అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. బావి రేపైనా తవ్వుకోవచ్చు మామా. — పుట్టమ్మ



కృష్ణగిరి,
27-1-1963.

అక్కకు,

సుబ్రమణి బతికి ఉన్నాడు. అస్సాంలో ఆసుపత్రి నుంచి జాబు రాశాడు. వాళ్ళ దళం చెదిరిపోతే మంచులో రోజుల తరబడి నడిచి కొండలు దిగారట. చలిజ్వరం తగిలిందట, తగ్గుతున్నదట. ఇంకేమీ లేదు. తరువాత బెంగళూరులో సామాన్ల డిపోలో వేస్తారట. ముత్యాలమ్మకు కోడిని కోసెయ్యి.

నువ్వు చెయ్యెత్తిన సంగతి దుకాణంలో అందరికీ చెప్పాను. వెంకటప్ప లేచి నిలబడి నీ పేరుకు దండం పెట్టాడు.

బంగారం మీద కొత్త చట్టం వచ్చింది. ఇక పద్నాలుగు క్యారట్ల నగలే చేయాలట. కంసాలులు దుకాణాలు మూసుకుని దిగులుపడుతున్నారు. మన పుట్టమ్మ తాళిబొట్టు సగం రాగి, సగం బంగారం అవుతుందేమో. రాగైనా మెడలో పడితే చాలు.

కృష్ణప్ప



వేప్పనపల్లి,
9-6-1963.

తమ్ముడు కృష్ణప్పకు,

కోడిని కోశాం. ఆవు ఈనింది, కోడెదూడ.

బావి కోసం నాగేశప్పా నేనూ కలిసి బ్లాకు ఆఫీసుకు పోయాం. "దేశం అత్యవసర పరిస్థితిలో ఉందమ్మా, కొత్త పనులు లేవు. మీ ఊరి వాటా ఉంటే పైకి రాసి చూస్తాం" అన్నారు. మా వాటా నిధికి ఇచ్చామని చెప్పాను. "చాలా గొప్ప పని చేశారు" అని కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి పంపారు. ఈ యేడు మామిడికి తేనెమంచు పట్టి పూత రాలిపోయింది. తోపు పాటకు వచ్చేవాడు లేడు.

నారి ఈసారి బాగా లేచింది. మంగలి బైరప్ప క్షౌరం మాని పొద్దస్తమానం నారిని పుల్లకు చుట్టి లాగే పనిలోనే ఉన్నాడు. నాతోపాటు చెయ్యెత్తినవాళ్ళే ఇప్పుడు "అల్లుడి కోసరం తిమ్మక్క ఊరి నోట్లో మన్ను కొట్టింది" అంటున్నారు. వినీ విననట్టు ఉంటున్నాను. నా కూతురూ ఆ మెట్లే దిగుతున్నది, ఆ నీళ్ళే తాగుతున్నది. వేరే నీళ్ళెక్కడివి?

సుబ్రమణి బెంగళూరుకు వచ్చి రెండు నెలలైందని రాశావు. అక్కడి నుంచి ఇక్కడికి ఒక్క రోజు దారి. అత్తను చూడాలనిపించలేదా వాడికి? ఊరు నన్ను అంటున్న మాటలకు వాడు ఒక్కసారి వచ్చి కనబడితే జవాబు చెప్పినట్టుండేది.

తిమ్మక్క

మామా, దూడకు నుదుట తెల్ల చుక్క ఉంది. పటాలం అని పేరు పెట్టాను. ఒక్క చోట నిలవదు. — పుట్టమ్మ



కృష్ణగిరి,
1-7-1963.

అక్కకు,

సుబ్రమణికి సెలవు దొరకలేదు. పటాలం అంటే మన రాగుల కళ్ళం కాదు, ఇష్టమొచ్చినప్పుడు లేచి రావడానికి.

నీ జాబు చదివి బాధపడ్డాను. ఇక్కడా మనుషులు అలాగే మారిపోయారు. కమ్మలు ఇచ్చినవాళ్ళు పందిరి పీకిన చోట నిలబడి పన్నుల్ని తిడుతున్నారు. వెంకటప్ప సంగతి చెప్తే నవ్వుతావు. తలుపు, బిందె అని నీతులు చెప్పినవాడు, నిర్బంధ పొదుపు కట్టమని కాగితం రాగానే "గడ్డి మొలవని మంచుకు ఇంత పొయ్యాలా?" అంటున్నాడు. వాడితో మాట్లాడటం మానేశాను. నా కొడుకు ఆ మంచులోనే కదా నడిచింది.

ఊళ్ళోవాళ్ళు అంటే అననీ. నువ్వు కూడా ప్రతి జాబులో బావి, బావి అంటే మాత్రం నా కొడుకు తిరిగి రావడం నీకు నష్టం కింద పడిందేమో అనిపిస్తున్నది. అలా అనుకుంటే ముఖం మీదే చెప్పు.

కృష్ణప్ప



వేప్పనపల్లి,
28-11-1963.

కృష్ణప్పకు,

నీ జాబుకు ఇన్నాళ్ళు జవాబు రాయించలేదు. రాయిస్తే తప్పు మాట వస్తుందని భయపడ్డాను. ఇప్పుడు వచ్చినా రానీ.

దీపావళికి మాదప్ప చింతపండు అమ్మడానికి కృష్ణగిరికి వచ్చాడు. నీ దుకాణంలో సుబ్రమణి కుట్టుమిషను వెనక కూర్చుని ఉన్నాడట. సెలవు లేదన్నవాడు అక్కడెలా ఉన్నాడు? ఊరివాడని మాదప్ప పలకరిస్తే, కూర్చున్నచోటి నుంచి లేవకుండానే "బాగుండావా" అని తల తిప్పుకున్నాడట. వచ్చి నాకు చెప్పి, "పట్నం గాలి తగిలిందమ్మా" అన్నాడు.

నా కూతురు వద్దనుకుంటే చెప్పెయ్యి. పట్నంలో పిల్లను చూసుకుంటే నేను అడ్డం పడను. తొట్లో అనుకున్న మాట తొట్లోనే పోయిందనుకుంటాను. కాని నా మేనల్లుడు బతికి రావడం నాకు నష్టమని రాశావు చూడు, ఆ మాటకు మాత్రం నీ మీద కోపం పోదు.

ఇది రాయనని పుట్టమ్మ కలం కింద పెట్టేసింది. బతిమాలి రాయించాను.

తిమ్మక్క



కృష్ణగిరి,
18-3-1964.

అక్కకు,

నేను రాసిన ఆ మాటకు చెంపలేసుకుంటున్నాను. చిక్కమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. దీపావళికి సుబ్రమణి వచ్చిన మాట నిజమే, నీకు చెప్పకపోవడం తప్పే. ఎందుకు చెప్పలేదో ఎదురుగా కూర్చుని చెప్తాను. వాడికి ఊరి పిల్ల వద్దని కాదు. పుట్టమ్మ రాసిన ముక్కలన్నీ వాడు చదువుకున్నాడు. దూడకు పటాలమని పేరు పెట్టిందని తనలో తనే నవ్వుకుంటాడు.

వాడు పటాలం నుంచి విడుదలై వచ్చేశాడు. ఇకమీదట నాతోనే దుకాణంలో ఉంటాడు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకుందాం. ఉగాది దాటగానే పుట్టమ్మను తీసుకుని రా. పెళ్ళి రవికలు నేనే కుడతాను, కొలతలు తీసుకోవాలి. చిక్కమ్మ పిల్లను చూడాలని తొందరపెడుతున్నది.

నీ తమ్ముడు,
కృష్ణప్ప



వేప్పనపల్లి,
5-4-1964.

తమ్ముడు కృష్ణప్పకు,

నీ జాబుతో నా గుండె కుదుటపడింది. నీకు ఇష్టమైన ముహూర్తం పెట్టించు.

ఇప్పుడు మాత్రం మేము రాలేం. పుట్టమ్మ కాలికి తుమ్మముల్లు దిగింది, కొంచెం వాచింది. కొలతకు దాని పాత రవిక మాదప్ప చేతికిచ్చి పంపుతున్నాను. మీరు కూడా ఇప్పుడే బయలుదేరి రావద్దు. రాగులు తూర్పారబట్టే పనుల్లో ఉన్నాం, ఇల్లంతా పొట్టు. ముహూర్తం నాటికి అంతా సర్దుకుంటుంది.

తిమ్మక్క

మామా, ముల్లు చిన్నదే. పెళ్ళికి నడిచే వస్తాను, మీరు బండి పంపక్కర్లేదు. పాత రవిక కంటే చేతులు కొంచెం వదులుగా కుట్టండి. — పుట్టమ్మ



కృష్ణగిరి,
30-4-1964.

అక్కకు,

పుట్టమ్మను మట్టి చేసి వచ్చిన నాటి నుంచి ఈ జాబు మొదలుపెట్టి ఆపేస్తున్నాను. ఊళ్ళో సుబ్రమణి నడుస్తుంటే వాడి కాలి వైపే చూస్తూ కూర్చున్నావు.

నువ్వు చూసింది నిజమే. కుడి కాలి వేళ్ళు లేవు. ఆ కాన్వాసు బూట్లలో నడిచి కొండలు దిగేసరికి నల్లబడిపోయాయట, ఆసుపత్రిలో తీసేశారు. చలిజ్వరమని నీకు అబద్ధం రాశాను. కుంటివాడికి పిల్లనిస్తావో ఇవ్వవో అని భయం. నీ దగ్గరికి రాకుండా నేనే వాడిని ఆపాను. మాదప్పను చూసి వాడు లేవనిది పొగరుతో కాదు, లేచి నడిస్తే మాదప్ప చూస్తాడని. పెళ్ళైన తరువాత తెలిస్తే తెలుస్తుందనుకున్నాను. నా తప్పు ఇదీ అక్కా.

ఇప్పుడు నేను ఒకటి అడగాలి. ధనుర్వాతం అని ఊళ్ళో అన్నారు. ముల్లు గుచ్చుకుంటే వచ్చిందా? పెద్దాసుపత్రి నా ఇంటికి పిలిస్తే పలికేటంత దూరం. అక్కడ సూదులున్నాయి, డాక్టర్లున్నారు. దవడ బిగుసుకునే దాకా ఎందుకు ఊరుకున్నావు? నా మీద అంత కోపం ఉందా? నా గడప తొక్కకూడదని పిల్లను చంపుకున్నావా? ఇలా అడగకూడదు. అడగకపోతే నాకు పిచ్చి పట్టేటట్టుంది.

కృష్ణప్ప



వేప్పనపల్లి,
12-5-1964.

తమ్ముడు కృష్ణప్పకు,

అక్షరాలు చూసి ఎవరివని అనుకోవద్దు. పోస్టుమాన్ మారియప్ప రాస్తున్నాడు. రాస్తూ ముక్కు తుడుచుకుంటున్నాడు. ఏడవకప్పా, నాకు ఇంకా చెప్పాల్సింది ఉందని అంటున్నాను.

నీ మీద కోపంతో కాదు. అది ముల్లు కాదు, నారి. కొలతలకు రమ్మని నువ్వు రాసిన వారంలోనే పుట్టమ్మ చీలమండ దగ్గర పొక్కు లేచి తెల్లగా తల బయటపెట్టింది. ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే, పోయిన యేడు తాగిన నీళ్ళు. ఆసుపత్రికి పోదామా అని నేను అడిగాను. "ఆడికి పోతే మామోళ్ళు చూస్తారు. నారికాలు పిల్లని మామ పెండ్లి నిలిపేస్తే? పెండ్లయినంక చూపిచ్చుకుంటాను లేమ్మా" అంది. నాకూ అదే మంచి మాటగా తోచింది. పట్నంలో ఉన్నవాళ్ళు, వాళ్ళకు కాలు బాగున్న పిల్లలు దొరకరా అనుకున్నాను. ముల్లని రాయమన్నాను. తన కాలు సంగతి తన చేత్తోనే అబద్ధం రాసింది.

బైరప్ప పుల్లకు చుట్టి రోజూ కొంచెం లాగేవాడు. పెళ్ళి దగ్గర పడుతున్నదని నేనే తొందరపెట్టాను. పురుగు లోపలే తెగింది. కాలు మోకాటి దాకా వాచింది. పేడా బూడిదా పెట్టి కట్టాం. మీ బావకూ అదే కట్టాం, తగ్గింది. పుట్టమ్మకు దవడ బిగిసింది. అప్పుడు నాగేశప్ప తన ఎడ్లు కట్టి పరుగెత్తించాడు. సగం దారిలో నేనే బండి వెనక్కి తిప్పమన్నాను. ఇక అవసరం లేకపోయింది.

ఊళ్ళో ఇప్పుడు తలా ఒక మాట అంటున్నారు. సర్కారు బావి ఇవ్వలేదు కాబట్టి అని కొందరు, తిమ్మక్క చెయ్యెత్తింది కాబట్టి అని కొందరు. బావికి మళ్ళీ డబ్బు పోగుచేద్దామని మొన్న పంచాయతీ కూడింది. పోయి చెయ్యెత్తి వచ్చాను. ఈసారి ఎవరూ కాదనలేదు.

ఆ రోజు నిధికి చెయ్యెత్తినందుకు పశ్చాత్తాపం ఉందా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. లేదు కృష్ణప్పా. రేపు మళ్ళీ వాడు మంచులో ఉండి, నాగేశప్ప నా వైపు తిరిగితే మళ్ళీ ఎత్తుతాను. పుట్టమ్మా తల ఊపుతుంది. సర్కారువాళ్ళు బూట్లు ముందా, బావి ముందా అని మనల్ని అడగరు. అడిగినా మన దగ్గర జవాబు లేదు. కాని కాలు సంగతి ఒకరికొకరు చెప్పుకోవడానికి మనకు ఏ సర్కారూ అడ్డం రాలేదు. కుంటి అల్లుడు వద్దని నేను అనేదాన్నా? నారికాలు కోడలు వద్దని నువ్వు అనేవాడివా? నీకు నేను భయపడ్డాను, నాకు నువ్వు భయపడ్డావు. ఒక్క కడుపున పుట్టి. చెప్పుకుని ఉంటే ఇద్దరూ కుంటుకుంటూనే నా కళ్ళ ముందు తిరిగేవాళ్ళు.

సుబ్రమణిని ఒంటరిగా ఉంచకు. వాడికి పిల్లను చూడు. వేప్పనపల్లి వైపు చూసినా నేను ఏమీ అనుకోను. చూసేటప్పుడు కాలి సంగతి ముందే చెప్పు.

తిమ్మక్క